విశాఖ రేవు నుంచి హథ్‌ఖోజ్ దాకా: ఎవరి పద్దులోకీ రాని పొగ, దుమ్ము

విశాఖపట్నం పోర్టుకు 10 మెగావాట్ల సౌర విద్యుత్ ప్లాంటు ఉంది. పోర్టు పర్యావరణ ప్రగతి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ముందుగా వినిపించేది దీని పేరే. అది చేసే మేలు ఎంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మన ఎండకు 10 మెగావాట్ల ప్లాంటు ఏడాదికి సుమారు కోటిన్నర యూనిట్ల కరెంటు ఇస్తుంది. దేశ గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనుక సగటున 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఏడాదికి దాదాపు 10,800 టన్నులు ఆదా అయినట్టు.

ఇక రెండో లెక్క. విశాఖ రేవుల నుంచి భిలాయ్ ఉక్కు కర్మాగారం వైపు వెళ్లే ఒక బొగ్గు రేక్‌లో, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలులో, దాదాపు 4,000 టన్నుల సరుకు పడుతుంది. అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక లెక్క ప్రకారం టన్ను కోకింగ్ బొగ్గు కాలితే సుమారు 2.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రేక్ మొత్తానికి 10,680 టన్నులు. ఏడాది పొడవునా సోలార్ పలకలు మిగిల్చినదంతా ఒక్క గూడ్స్ రైలు మోసుకెళ్లిన బొగ్గుతో చెల్లుకు చెల్లు.

ఈ పోలిక పోర్టును తక్కువ చేయడానికి కాదు. సౌర విద్యుత్ పెట్టడం మంచి పనే, పెట్టకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం. పోర్టు బొగ్గును కాల్చదు కూడా, దించి పంపుతుందంతే. కానీ పోర్టులు, వాటిని నడిపే లాజిస్టిక్స్ కంపెనీలు ఏటా విడుదల చేసే సుస్థిరత నివేదికలను చదివేవాళ్లు ఈ కొలమానాన్ని గుర్తుంచుకోవాలి. గేటు లోపల జరిగేది నివేదికలోకి వస్తుంది. గేటు దాటిన సరుకు ఏ బండెక్కింది, దారిలో ఎంత పొగ, ఎంత దుమ్ము వదిలింది అన్నది చాలావరకు ఎవరి పద్దులోకీ రాదు. విశాఖ, భిలాయ్‌ల మధ్య దారి దీనికి మంచి ఉదాహరణ.

రేవుకూ కొలిమికీ ఉన్న బంధం

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనుల నుంచి, సున్నపురాయి నందినీ నుంచి, డోలమైట్ హిర్రీ నుంచి వస్తాయి. అన్నీ చుట్టుపక్కలవే. కోకింగ్ బొగ్గు సంగతి వేరు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి, దేశ ఉక్కు పరిశ్రమకు కావలసిన కోకింగ్ బొగ్గులో దాదాపు 85 శాతం బయటి నుంచే తెచ్చుకోవాలి. అందులో పెద్ద భాగం ఆస్ట్రేలియాది. సముద్రానికి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న భిలాయ్‌కి ఆ బొగ్గు చేరడానికి విశాఖపట్నం, దాని పక్కనే ఉన్న గంగవరం ప్రధాన ద్వారాలు. తిరుగు ప్రయాణంలో ఛత్తీస్‌గఢ్ ఉక్కు ఎగుమతికి ఇదే దారి.

ఈ దారి కర్మాగారం కంటే పాతది. విజయనగరం, రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. విశాఖ రేవులోకి మొదటి ఓడ 1933 అక్టోబరులో వచ్చింది. అసలు మధ్య భారతపు సరుకుకు సముద్రం చూపించడమే ఈ రేవు కట్టడంలో ఉద్దేశం. అదే రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వేల కుటుంబాలు భిలాయ్‌కి పనికి వెళ్లి స్థిరపడ్డాయి. ఖుర్సీపార్ వంటి బస్తీల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

హథ్‌ఖోజ్ భిలాయ్ అంచున ఉన్న భారీ పారిశ్రామిక ప్రాంతం. ఉక్కు కర్మాగారం నీడలో పుట్టిన ఫ్యాబ్రికేషన్ షెడ్లు, రోలింగ్ మిల్లులు, ఇంజినీరింగ్ యూనిట్లు ఇక్కడివి. పక్కనే జాముల్‌లో ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ. కర్మాగారానికి సొంత రైలు సైడింగులు ఉన్నాయి, బొగ్గు రేక్ నేరుగా లోపలికి వెళ్తుంది. హథ్‌ఖోజ్‌లోని చిన్న యూనిట్‌కు ఆ సౌకర్యం లేదు. దాని ముడి సరుకు వచ్చేదీ, తయారైన సరుకు పోయేదీ లారీ మీదే. ఈ తేడా తర్వాత మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

పోర్టు వ్యూహంలో ఏముంటుంది

కేంద్ర నౌకాయాన మంత్రిత్వ శాఖ 2023 మేలో ‘హరిత్ సాగర్’ పేరుతో ప్రధాన పోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. టన్ను సరుకుకు అయ్యే కర్బన ఉద్గారాలను 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గించాలన్నది అందులోని ముఖ్య లక్ష్యం. పోర్టులో వాడే కరెంటులో పునరుత్పాదక విద్యుత్ వాటా పెంచడం, క్రేన్లు, వాహనాలను విద్యుత్‌కు మార్చడం, బెర్త్ దగ్గర ఆగిన ఓడలకు ఒడ్డు నుంచే కరెంటు ఇవ్వడం, చెట్లు నాటడం, మురుగునీటిని శుద్ధి చేసి తిరిగి వాడడం వంటివి మిగతావి. ప్రైవేటు రంగంలో, గంగవరం, కృష్ణపట్నం రేవులను చేజిక్కించుకున్న అదానీ పోర్ట్స్ 2025కు కార్బన్ న్యూట్రల్, 2040కి నెట్ జీరో అని లక్ష్యాలు ప్రకటించుకుంది.

ఈ లక్ష్యాలను చదివేటప్పుడు రెండు మాటల దగ్గర ఆగాలి. మొదటిది ‘టన్నుకు’. ఇది తీవ్రత లక్ష్యం, మొత్తం లక్ష్యం కాదు. ఒక రేవు టన్నుకు 30 శాతం ఉద్గారాలు తగ్గించి, అదే కాలంలో సరుకును రెట్టింపు చేసుకుందనుకోండి. లక్ష్యం నెరవేరినట్టే. కానీ గాలిలోకి పోయే మొత్తం 40 శాతం పెరుగుతుంది. విశాఖ పోర్టు సరుకు 2023-24లో 8 కోట్ల టన్నులు దాటింది. ఇంకా పెంచాలన్నదే అందరి కోరిక, అందులో తప్పేమీ లేదు. అయితే నివేదికలో తీవ్రత పక్కనే మొత్తం అంకె కూడా ఉండాలి. లేకపోతే ఆ పేజీని సగమే నమ్మాలి.

రెండో మాట ‘కార్యకలాపాలు’. కంపెనీలు తమ ఉద్గారాలను మూడు అరల్లో రాస్తాయి. సొంత యంత్రాల్లో కాల్చిన డీజిల్ వంటివి స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. తమ వ్యాపారం కోసం ఇతరులు చేసే రవాణా, తాము అద్దెకు తీసుకున్న బండ్లు, తమ సేవ వాడుకున్నవాళ్ల ఉద్గారాలు స్కోప్ 3. పోర్టు కంపెనీలు కార్బన్ న్యూట్రల్ అనేటప్పుడు సాధారణంగా మొదటి రెండు అరల గురించే చెబుతాయి. రేవులో క్రేన్లు విద్యుత్‌తో నడుస్తాయి, ఆ విద్యుత్తును సోలార్‌కు మార్చడం ఇప్పుడు లాభసాటి బేరం కూడా. కష్టమంతా మూడో అరలో ఉంది.

ఎంత కష్టమో ఒక టన్ను బొగ్గును అనుసరిస్తే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి విశాఖకు సముద్రం మీద దాదాపు 10 వేల కిలోమీటర్లు. పెద్ద బల్క్ ఓడకు టన్ను కిలోమీటరుకు 3 నుంచి 5 గ్రాములు అనుకుంటే 30 నుంచి 50 కిలోల కార్బన్ డయాక్సైడ్. విశాఖ నుంచి భిలాయ్‌కి రైలులో సుమారు 550 కిలోమీటర్లు. రైలు రవాణాకు మన ప్రభుత్వ పత్రాల్లో తరచూ వాడే అంకె టన్ను కిలోమీటరుకు 11.5 గ్రాములు. దాని ప్రకారం 6 కిలోలకు కాస్త పైన. చివరకు కొలిమిలో 2,670 కిలోలు. ఈ వరుసలో రేవు సొంత క్రేన్లు, కన్వేయర్ల వాటా కంటికి ఆనదు.

కాబట్టి కర్బనం విషయంలో పోర్టు లాజిస్టిక్స్ కంపెనీ చేతిలో నిజంగా ఉన్న మీట ఒక్కటే: సరుకు రేవు నుంచి ఏ బండి మీద బయటికి వెళ్తుంది, ఏ బండి మీద లోపలికి వస్తుంది. దుమ్ము విషయంలో మాత్రం దాని చేతిలో చాలా ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే, నివేదికల ముఖచిత్రాల్లో కనిపించేవి ఈ రెండూ కావు.

చట్టాలు కూడా దారిని వదిలేశాయి

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ ‘గ్రీన్ స్టీల్’ అంటే ఏమిటో నిర్వచించింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటే ఆకుపచ్చ ముద్ర, 1.6 లోపు ఉంటే 5 నక్షత్రాలు. దేశ సగటు 2.5 టన్నుల దగ్గర ఉంది కాబట్టి ఇది మంచి మొదలే. ఆ నిర్వచనం రవాణా ఉద్గారాలను లెక్కలోంచి మినహాయించింది. కర్మాగారం గేటు బయటి రవాణానే కాదు, లోపలి రవాణా కూడా లెక్కకు రాదు. రైలులో తెచ్చిన బొగ్గుకూ, లారీలో తెచ్చిన బొగ్గుకూ ఆ ముద్ర దగ్గర తేడా లేదు.

ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తి స్థాయిలో మొదలైంది. ఉక్కు పలకలే కాదు, ఉక్కుతో చేసిన కట్టడ భాగాలు, బోల్టులు, నట్లు కూడా దాని కిందికి వస్తాయి. అంటే హథ్‌ఖోజ్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్ ఐరోపాకు సరుకు పంపితే, అందులో దాగిన ఉద్గారాల అంకె అక్కడి కొనుగోలుదారుకు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వాళ్లు నిర్ణయించిన అంకె వర్తిస్తుంది, అది సాధారణంగా అమ్మేవాడికి నష్టమే. కానీ ఇక్కడా లెక్క తయారీ వరకే. షెడ్ నుంచి విశాఖ కంటైనర్ టెర్మినల్ దాకా లారీ తాగిన డీజిల్ ఆ లెక్కలో లేదు.

మన సెబీ నిబంధన కూడా అంతే. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇవ్వాలి. అందులో స్కోప్ 1, 2 తప్పనిసరి. స్కోప్ 3 ఐచ్ఛికం. విశాఖపట్నం పోర్టు అథారిటీ లిస్టెడ్ కంపెనీ కాదు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. కాబట్టి దానికి సెబీ నిబంధన వర్తించనే వర్తించదు.

రేవు గేటు దగ్గర పోర్టు పద్దు ముగుస్తుంది. కొలిమి దగ్గర ఉక్కు పద్దు మొదలవుతుంది. మధ్యలో 550 కిలోమీటర్లు.

దుమ్ముకు లెక్కే వేరు

కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వదిలినా ఒకటే, భూగోళమంతటికీ పంచుకుంటుంది. దుమ్ము అలా కాదు. వదిలినచోటే పడుతుంది. విశాఖ పాతనగరం, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు ఇళ్లలో అరుగు తుడిచిన గుడ్డ నల్లబడడం, ఆరేసిన బట్టల మీద నుసి పేరుకోవడం దశాబ్దాల ఫిర్యాదు. ఊరి ఆకారం కూడా దీనికి తోడు. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, వెనుక సింహాచలం కొండల వరుస. గిన్నెలాంటి ఈ నేలలోకి సముద్రపు గాలి వీస్తే రేవు దుమ్ము ఊళ్లోకే వస్తుంది, బయటికి పోయే దారి తక్కువ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ వేసినప్పుడు విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతమని లెక్క. ఆ తర్వాత కొత్త ప్రాజెక్టులకు కొంతకాలం బ్రేకు పడింది. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉంది. అదే జాబితాలో భిలాయ్ కూడా ఉంది. బొగ్గు బయలుదేరే ఊరూ, చేరే ఊరూ రెండూ ఒకే జాబితాకు ఎక్కాయి. రెండుచోట్లా దుమ్ముకు వేరే కారణాలు కూడా ఉన్నాయి, అంతా రైలు మీదికి నెట్టలేం. అయినా రేవులో ఎక్కించిన చోటా, కర్మాగారంలో దించిన చోటా దుమ్ము లేచే విధానం ఒకటే, ఆపే పద్ధతులూ ఒకటే.

ఆ విధానం ఇలా ఉంటుంది. ఓడ నుంచి గ్రాబ్ బొగ్గును పట్టి పైనుంచి వదిలినప్పుడు మొదటిసారి లేస్తుంది. ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత దుమ్ము. కన్వేయర్ ఒక బెల్టు నుంచి మరో బెల్టుకు మారే మలుపు దగ్గర రెండోసారి. ఆరుబయట గుట్టగా పోసిన బొగ్గు ఎండి గాలికి రేగడం మూడోది. గుట్ట ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ ఎక్కువ. వ్యాగన్లలో నింపినప్పుడు, లారీ చక్రాల కింద పడిన బొగ్గు పొడి అయినప్పుడు మళ్లీ. పైకప్పు లేని వ్యాగన్లు దారి పొడవునా కొంత వదులుతాయి. చివరగా వ్యాగన్‌ను ఎత్తి తలకిందులు చేసే టిప్లర్ దగ్గర.

ప్రతి దశకూ మందు తెలుసు. ఓడ నుంచి నిల్వ దాకా మూసిన కన్వేయర్లు, మలుపుల దగ్గర సన్నని నీటి తుంపర, గుట్టల మీద నీటి ఫిరంగులు, గాలికి అడ్డుగా ఎత్తయిన తెరలు, అన్నిటికంటే మిన్నగా కప్పు ఉన్న గోదాములు. వ్యాగన్ నింపాక పైపొరను చదును చేసి, గట్టిపడే ద్రావణం చల్లితే దారిలో రేగడం తగ్గుతుంది. లారీ అయితే టార్పాలిన్, గేటు దగ్గర చక్రాలు కడిగే తొట్టి. విశాఖ ఔటర్ హార్బర్‌లో పెద్ద ఓడల బొగ్గు యాంత్రిక టెర్మినల్‌లో దిగుతుంది. పాత బెర్త్‌ల్లో గ్రాబ్‌తో దించి లారీల్లో యార్డుకు తోలే పద్ధతితో పోలిస్తే ఇది చాలా మెరుగు. పోర్టు కప్పు గోదాములు, నీటి తుంపర వ్యవస్థల మీద ఖర్చు పెడుతూనే ఉంది.

నీటి విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తుంపరకు మంచినీళ్లు వాడితే, వేసవిలో కుళాయి కోసం ఎదురుచూసే ఊళ్లో అది మరో తగువు. శుద్ధి చేసిన మురుగునీరు వాడితేనే ఆ లెక్క కుదురుతుంది. బొగ్గు గుట్టల నుంచి కారే నల్లనీరు సముద్రంలోకి పోకుండా పట్టే గుంటలు ఉన్నాయా అన్నది దాని వెంటే అడగాల్సిన ప్రశ్న. హరిత నివేదికల్లో ఫొటోలకు నోచుకోని పనులివి, కానీ పక్క బస్తీ ఊపిరి వీటి మీదే ఆధారపడి ఉంది.

దుమ్మును ఆపకుండా తరలించడం మరో మార్గం, అది తేలిక కూడా. 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో చెన్నై పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం ఆగిపోయాయి. ఉత్తర చెన్నై గాలి పీల్చుకుంది. బొగ్గు ఎన్నూరు వైపు వెళ్లింది. పోర్టు నివేదికలో చూస్తే అది మెరుగుదలే, బొగ్గు ప్రయాణంలో చూస్తే చిరునామా మార్పు. విశాఖలోనూ బొగ్గును గంగవరానికి పంపేయాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. గంగవరం పక్కన మనుషులు లేరా? ఆ రేవు కోసమే దిబ్బపాలెం మత్స్యకారులు ఊరు వదిలారు, వేటకు దారి పోగొట్టుకున్నారు. 2024 ఏప్రిల్‌లో ఆ రేవు కార్మికులు సమ్మెకు దిగితే విశాఖ ఉక్కు కర్మాగారానికి కన్వేయర్ మీద బొగ్గు రావడం ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. సుస్థిరత నివేదికల్లో ‘సామాజికం’ అని ఒక అధ్యాయం ఉంటుంది. గంగవరం విషయంలో ఆ అధ్యాయంలో వెతకాల్సింది బడి పిల్లలకు పంచిన పుస్తకాల సంఖ్య మాత్రమే కాదు, నిర్వాసితులతోనూ కార్మికులతోనూ కుదిరిన ఒప్పందాలు ఏ మేరకు అమలయ్యాయన్నది.

కొత్త రోడ్డు తెచ్చే పరీక్ష

రాయపూర్, విశాఖ మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణంలో ఉంది. ఇప్పుడున్న 595 కిలోమీటర్ల దారి, 12 గంటల ప్రయాణం 7 గంటలకు తగ్గుతుందని అంచనా. ధంతరీ, కాంకేర్, నవరంగపూర్, కోరాపుట్ మీదుగా సబ్బవరం చేరే ఈ దారి ఆ జిల్లాలకు మేలు చేస్తుంది. అందులో సందేహం లేదు. రేవుకు కూడా సరుకు పెరుగుతుంది. అయితే ఎటు నుంచి వచ్చిన సరుకు?

లెక్క చూద్దాం. ప్రభుత్వ పత్రాలు లారీకి వాడే అంకె టన్ను కిలోమీటరుకు 101 గ్రాములు. భిలాయ్ దాకా కలిపి కొత్త దారిన 495 కిలోమీటర్లు అనుకుంటే టన్నుకు 50 కిలోల కార్బన్ డయాక్సైడ్. రైలుకు 6 కిలోలే. దూరం తగ్గినా ఎనిమిది రెట్లు. ఒక రేక్ సరుకును రోడ్డెక్కిస్తే 30 టన్నుల లారీలు 130కి పైగా కావాలి, 25 టన్నుల బదులు 200 టన్నుల పొగ. దేశంలో ఇప్పటికే సరుకులో దాదాపు 70 శాతం రోడ్డు మీద పోతోంది. రైలు వాటాను 2030 నాటికి 45 శాతానికి చేర్చాలని జాతీయ రైలు ప్రణాళిక చెబుతోంది. కొత్త రోడ్డు ఈ లక్ష్యానికి ఎదురు నిలిచే పోటీదారు.

బొగ్గు రోడ్డుకు మారుతుందని నేను అనుకోను. ఉక్కు కర్మాగారం సైడింగులు, టిప్లర్లు అన్నీ రైలు కోసం కట్టినవే. మారేది మిగతా సరుకు: ఉక్కు కడ్డీలు, ఫ్యాబ్రికేషన్ భాగాలు, బియ్యం, కంటైనర్లు. అంటే హథ్‌ఖోజ్ సరుకు. చిన్న యూనిట్‌కు నెలకు రెండు మూడు కంటైనర్ల ఎగుమతి ఉంటే పూర్తి రేక్ బుక్ చేసుకోలేదు. రేక్ నిండేదాకా ఆగితే ఓడ తప్పిపోతుంది. లారీ అయితే సాయంత్రం షెడ్ దగ్గర నింపితే మర్నాటికి రేవు గేటు దగ్గర ఉంటుంది. కిరాయి కాస్త ఎక్కువైనా యజమాని లారీనే ఎంచుకుంటాడు. అది అతని తప్పు కాదు.

రైలుకు తనవైన ఇబ్బందులూ ఉన్నాయి. రాయగడ, పార్వతీపురం మీదుగా దిగే ఈ మార్గంలో బొగ్గు, ఖనిజం, ప్రయాణికుల రైళ్లు ఒకే పట్టాల కోసం వరుసలో నిలబడతాయి. టిట్లాగఢ్, విజయనగరం మధ్య 264 కిలోమీటర్ల మూడో లైన్‌కు 2015లోనే అనుమతి వచ్చింది, పనులు ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. కంటైనర్ ఎప్పుడు బయలుదేరుతుందో, ఎప్పుడు చేరుతుందో కచ్చితంగా చెప్పలేని రైలును కిరాయి తక్కువన్న ఒక్క కారణంతో ఎవరూ నమ్ముకోరు.

పోర్టు లాజిస్టిక్స్ కంపెనీకి నిజమైన వ్యూహం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. పదిమంది చిన్న ఎగుమతిదారుల సరుకు ఒకచోట చేర్చి, వారంలో నిర్ణీత రోజున నిండినా నిండకపోయినా కదిలే కంటైనర్ రైలు నడపాలి. నయా రాయపూర్‌లో కాంకర్ బహుళ రవాణా లాజిస్టిక్స్ పార్కు ఉంది. హథ్‌ఖోజ్ నుంచి అక్కడికి గంటన్నర, రెండు గంటల లారీ దూరం. ఈ చిన్న దూరం విద్యుత్ లారీకి సరిగ్గా సరిపోతుంది. 2025 జులైలో కేంద్రం విద్యుత్ లారీలకు ఒక్కోదానికి గరిష్ఠంగా రూ.9.6 లక్షల ప్రోత్సాహకం ప్రకటించింది. అప్పుడే సెయిల్ రెండేళ్లలో 150 విద్యుత్ లారీలు తీసుకుంటామని, అద్దె వాహనాల్లో కనీసం 15 శాతం విద్యుత్‌వే ఉండేలా చూస్తామని చెప్పింది. 500 కిలోమీటర్లు ఒకే బిగిన పోవాల్సిన లారీకి బ్యాటరీ ఇంకా బరువైన బేరమే. 60 కిలోమీటర్లు పోయి తిరిగి వచ్చే లారీకి కాదు.

ఇందులో నష్టం భరించాల్సిన కాలం ఒకటి ఉంటుంది. మొదటి ఆరు నెలలు రైలు సగం ఖాళీగా పోతుంది. ఆ నష్టాన్ని సుస్థిరత ఖర్చు కింద రాసుకునే కంపెనీ ఉంటే, అది నాటిన చెట్ల సంఖ్య కంటే ఎక్కువ చెప్పుకోదగిన విషయం.

ఖాళీ వ్యాగన్లు, కొలిమి చిట్టెం

రైలు సరుకులో మరో వృథా ఖాళీ తిరుగు ప్రయాణం. బొగ్గు దించిన వ్యాగన్ ఖాళీగా రేవుకు వస్తే దాని కరెంటు, పట్టాల మీద దాని చోటు రెండూ వృథా. ఉక్కు గానీ మరొకటి గానీ ఎత్తుకొస్తే ఆ ప్రయాణం సగం ఖర్చుతో అయినట్టు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, లారీ డ్రైవర్లకు తరతరాలుగా తెలిసినదే. రైల్వేలో కష్టం ఏమిటంటే వ్యాగన్ రకం, శుభ్రం చేయడం, ఎక్కించే చోటు అన్నీ కుదరాలి. 2018లో వచ్చిన సాధారణ వ్యాగన్ పెట్టుబడి పథకం కింద ప్రైవేటు సంస్థలు సొంతంగా రేక్‌లు కొనుక్కోవచ్చు. సొంత రేక్ ఉన్న కంపెనీకి తిరుగు సరుకు వెతుక్కునే తీరిక, అవసరం రెండూ ఉంటాయి.

ఈ విషయంలో అదానీ గ్రూపు పరిస్థితి ఆసక్తికరం. గంగవరం రేవు దాని చేతిలో ఉంది. సొంత సరుకు రైళ్లు నడిపే సంస్థ ఉంది. 2022 సెప్టెంబరులో ఏసీసీని కొనుక్కోవడంతో హథ్‌ఖోజ్ పక్కన జాముల్ ఫ్యాక్టరీ కూడా అదే గొడుగు కిందికి వచ్చింది. రేవు, రైలు, దారి చివరి ఫ్యాక్టరీ మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు, మధ్య దారి మా లెక్కలోది కాదనడం కుదరదు. గుత్తాధిపత్యం గురించిన ఆందోళన న్యాయమైనదే, అది వేరే చర్చ. ఇంత పట్టు ఉన్న సంస్థ స్కోప్ 3 లెక్కను మొత్తంగా ఇవ్వాలని అడగడానికి మాత్రం ఇదే సరైన కారణం.

జాముల్ కథలో నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడి సిమెంటు 1960ల నుంచీ భిలాయ్ కొలిమి చిట్టెం కలిపి చేస్తున్నారు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే చిట్టెంను నీటితో చల్లార్చి గుళికలుగా మార్చి క్లింకర్‌తో కలిపితే స్లాగ్ సిమెంటు. కలిపినంత మేర సున్నపురాయి కాల్చాల్సిన పని తప్పుతుంది. కర్మాగారానికి చెత్త తగ్గుతుంది, రవాణా దూరం పది కిలోమీటర్ల లోపే. సుస్థిరత అన్న మాట ఇక్కడ ఎవరి నోటా లేని రోజుల్లో ఎవరూ నివేదిక రాయకుండానే జరిగిన పని ఇది. సరుకు ఎంత తక్కువ దూరం కదిలితే అంత మేలన్న సంగతిని ఏ లాజిస్టిక్స్ కంపెనీ తన నివేదికలో రాయదు. రాస్తే దాని వ్యాపారమే తగ్గుతుంది.

విశాఖ పోర్టు, గంగవరం, వాటి మీద ఆధారపడిన లాజిస్టిక్స్ సంస్థలు వచ్చే రెండు మూడేళ్లలో ఇచ్చే నివేదికల్లో మూడు అంకెలు కనిపిస్తే వాటి వ్యూహం నిజమో కాదో తేలిపోతుంది. గేటు దాటిన సరుకులో రైలు మీద పోయిన వాటా ఎంత, అది ఏటా పెరుగుతోందా. రేవు సరిహద్దులో, బస్తీ వైపు, గాలిలోని పీఎం 10 నెలనెలా ఎంత. వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, దానితో పోల్చి చూపించాలి. మూడోది, టన్నుకు కాకుండా మొత్తంగా ఉద్గారాలు ఎన్ని. మొదటి అంకె అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కొత్త రహదారి పూర్తయిన తొలి ఏడాదిలోనే అది ఎటు కదిలిందో తెలుస్తుంది. ఒకసారి లారీకి అలవాటు పడిన సరుకును తిరిగి రైలెక్కించడం ఏ దేశంలోనూ తేలిక కాలేదు. ఇప్పటికి హథ్‌ఖోజ్ షెడ్ల నుంచి బయలుదేరే కంటైనర్లకు వారానికొక రైలు నడపడానికి వ్యవధి ఉంది. సబ్బవరం దగ్గర టోల్‌గేటు తెరుచుకునేదాకానే.